బతికున్న మనిషి పేరు

మా అమ్మ చచ్చిపోయిందని మొట్టమొదట చెప్పిన నోరు ఇదే. ఎవరో అంటే విని మోసుకొచ్చిన మాట కూడా కాదు. కళ్ళతో చూసి, చేత్తో తడిమి, పదిమందిలో గట్టిగా చెప్పాను. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. నా అంత తెలివైనది ఉత్తర ధ్రువం దగ్గరి ఈ మంచు తీరం మొత్తంలో లేదనుకునే వయసు.

ఓడ అమ్మను తీసుకుపోయి అప్పటికి రెండేళ్ళు. ప్రతి వేసవిలో సముద్రం మీద మంచు విరగ్గానే తెల్లవాళ్ళ ఓడ వచ్చేది. గూడేల వాళ్ళందర్నీ పడవల్లో తీసుకెళ్ళి, చొక్కాలు విప్పించి, ఛాతీకి ఎక్స్‌రే తీసేవాళ్ళు. బాగున్నవాళ్ళ చేతి మీద ఒక ముద్ర, క్షయ ఉన్నవాళ్ళ చేతి మీద ఇంకో ముద్ర. రెండో ముద్ర పడిందంటే మళ్ళీ ఒడ్డుకు దింపరు, ఉన్నపళంగా దక్షిణాదికి, ఆసుపత్రికి. నేను మొదటి పడవలో వెళ్ళి వచ్చేశాను. అమ్మ వంటకు వాడే కొవ్వు దీపం మీద మాంసం కుండ పెట్టి రెండో పడవ ఎక్కింది. "కుండ చూస్తుండవే తక్తూ, నీ ధ్యాస నీ మొగుడి మీద ఉంటే అడుగంటుద్ది" అంది. నాతో అన్న చివరి మాట అదే. సాయంత్రానికి ఓడ పొగ కొండ చాటుకు వెళ్ళిపోయింది. ఆ మాంసం ఎవరికీ గొంతు దిగలేదు. కుక్కలకు వేశాం.

నాన్న అంతకు ముందే పోయాడు. అమ్మకు నేను ఒక్కదాన్ని. నా మొగుడు నట్టాక్ మా ఇంటికి ఇల్లరికం వచ్చినవాడు.

రెండేళ్ళపాటు కబురు లేదు. ఆ వేసవిలో ఓడ తన సిబ్బందితో పాటు ఒక గోనెసంచిని కూడా దింపింది. ప్రభుత్వం మా మెడల్లో నంబరు బిళ్ళలు వేసింది కదా, ఆసుపత్రిలో ఎవరైనా పోతే వాళ్ళ సామాను మీద ఆ నంబరు చీటీ కట్టి పంపేవాళ్ళు. ఈ సంచికి కట్టిన చీటీ సముద్రపు నీళ్ళకు తడిసి, సిరా అలుక్కుపోయింది. ఓడతో వచ్చిన పోలీసు ఒడ్డున సంచి బోర్లించి, "ఎవరివో మీరే చూసుకోండి" అన్నాడు. ఒక దువ్వెన, ఒక తెల్లవాళ్ళ గౌను, మేం సముద్రంలో వేటాడే సీలు జంతువు తోలుతో కుట్టిన ఒక జత బూట్లు.

నేను బూట్లు తీసుకున్నాను. మాలో ఆడవాళ్ళు బూటు అడుగుతోలును ముందుపళ్ళతో కొరికి, కాలివేళ్ళ వైపు చిన్న చిన్న ముడతలు పెట్టి, అప్పుడు పైతోలుతో కలిపి కుడతారు. ఏ ముడతలు ఎవరివో చూడగానే చెప్పేస్తాం. మా అమ్మకు ముందుపన్ను సగం విరిగి ఉండేది. అది పడిన చోటల్లా ముడత కాస్త వదులుగా వచ్చేది. పుట్టినప్పటి నుంచి అమ్మ కుట్టిన బూట్లే తొడిగిన దాన్ని, నాకు తెలియకపోవడమేమిటి.

"ఇవి మా అమ్మవి" అన్నాను.

పనిక్‌పాక్ పెద్దమ్మ నా చేతిలోంచి అందుకుంది. మా గూడెంలో పురుళ్ళు పోసేది ఆవిడే. వెలుగుకు పెట్టి చూసి, "ఉలయోక్ చేసిందే, అనుమానం లేదు" అంది. ఉలయోక్ మా అమ్మ పేరు. "కానీ తల్లీ, బూట్లు వచ్చినంత మాత్రాన మనిషి పోయినట్టేనా? ఆ పోలీసాయన చేత ఓ మాట అడిగించు. వచ్చే ఓడకి తెలుస్తది."

"ఏంటి పెద్దమ్మా అడిగేది? బూట్లు ఇటు పంపేసి తను ఉత్తకాళ్ళతో తిరుగుతుందా?"

"అది కాదే..."

"మా అమ్మ పంటి గాటు నాకు తెలీదా!" అని అరిచాను.

ఆ అరుపుతో అందరూ తలలు దించుకున్నారు. పోలీసు తన పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. పక్కనే, సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన ఖాడీకి అవతలి గూడెం కపిక్, అతని పెళ్ళాం నిలబడి ఉన్నారు. వాళ్ళ కూతురు నివియాను కూడా మా అమ్మతో పాటే అదే ఓడ తీసుకుపోయింది. సంచి మా అమ్మదని తేలగానే కపిక్ పెళ్ళాం పైకి వినపడేలా ఊపిరి వదిలింది. "మా పిల్లది కాదు, మా పిల్లది కాదు" అని మొగుడి చెయ్యి పట్టుకుంది. తర్వాత సిగ్గుపడి, నా దగ్గరకొచ్చి నన్ను కావలించుకుని ఏడ్చింది. ఆవిడ నిజంగానే ఏడ్చింది.

నాకు అప్పుడు ఆరో నెల.

చలికాలం నడిమధ్యలో, గాలిదుమారం పట్టిన మూడో రోజున నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగి కూర్చుంది. మాలో పోయినవాళ్ళ పేరే పుట్టినవాళ్ళకు పెడతారు. బిడ్డ తన పేరు వినబడేదాకా కదలదని పెద్దవాళ్ళు అంటారు. పనిక్‌పాక్ పెద్దమ్మ నా వెనక కూర్చుని పొట్ట నొక్కుతూ పోయినవాళ్ళను ఒక్కొక్కరినే పిలిచింది. మా నాన్నను పిలిచింది. నట్టాక్ తాతను పిలిచింది. వాళ్ళ మేనత్తను పిలిచింది. ఏమీ లేదు. నాకు కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి.

"ఉలయోక్! నువ్వేనా? వచ్చేదేదో రావే, పిల్లనెందుకు చంపుతావు!" అంది చివరికి. ఆ మాట పూర్తి కాకముందే బిడ్డ జారి ఆవిడ చేతుల్లో పడింది.

ఆడపిల్ల. ఇంక అనుమానమేముంది, మా అమ్మే.

పేరుతో పాటు మనిషి వస్తుంది, మనిషితో పాటు వరసలు వస్తాయి. ఆ రోజు నుంచి నేను నా కూతుర్ని ముద్దుకు కాదు, నిజంగానే అమ్మా అని పిలిచాను. నట్టాక్ అత్తగారూ అని పిలిచాడు. మా వైపు అల్లుడు అత్తగారి మొహం కూడా సూటిగా చూడకూడదు, పరాచికాలాడటం అసలు కూడదు. అత్తగారున్నన్నాళ్ళూ నోరు కుట్టేసుకున్న మొగాడికి ఒక్కసారిగా అత్తగారు ఒళ్ళోకి దొరికింది. ఇంక వాణ్ణి పట్టేదెవరు?

"అత్తగారూ, అల్లుడి ఒళ్ళో తడిపేశారు, ఇదేనా మీ మర్యాద?" అనేవాడు. "సీలు కొట్టడానికి మూడ్రోజులా, అది ముసలిదై చచ్చాక తెచ్చావా అని నన్ను దెప్పారే, ఇప్పుడు చూడండి, పళ్ళు కూడా లేవు, ఎలా తింటారో!"

పిల్ల కిలకిలా నవ్వేది. పెద్దవాళ్ళు మంచి ముక్కలు తెచ్చి, "ఉలయోక్, నీకిష్టమని కాలేయం తెచ్చా" అని నమిలి దాని నోట్లో పెట్టేవాళ్ళు. అమ్మ పోయిన ఏడుపు ఆ చలికాలంలోనే ఆరిపోయింది. దాచుకోవడమెందుకు, నేను సంతోషంగా ఉన్నాను. నా జన్మలో అంత సంతోషంగా ఉన్నది ఆ ఎనిమిది నెలలే.

వేసవి వచ్చింది, ఓడ వచ్చింది. పిల్లను వీపున కోటు సంచిలో వేసుకుని అందరితో పాటు ఒడ్డుకు వెళ్ళాను. మొదటి పడవలో ఆకుపచ్చ గుడ్డ కోటు వేసుకుని, జుట్టు పొట్టిగా కత్తిరించిన ఆడమనిషి ఒకతె నిలబడి ఉంది. బుగ్గలు నిండుగా ఉన్నాయి. విరిగిన పన్ను చోట కొత్త పన్ను మెరుస్తోంది. నేను గుర్తుపట్టలేదు. బూటు ముడత చూసి చెప్పగలిగినదాన్ని, కన్నతల్లి మొహం చూసి చెప్పలేకపోయాను.

పనిక్‌పాక్ పెద్దమ్మ మాత్రం రాళ్ళ మీద కూలబడింది. పిల్లలు పారిపోయారు.

"ఏంటే అంతా దెయ్యాన్ని చూసినట్టు చూస్తారు?" అని పడవలోంచే అరిచింది ఆమె. ఆ గొంతు మా అమ్మది. "తెల్లదొరసానిలా ఉన్నాననా? ఇదిగో తక్తూ, వీపున ఎవరే అది? నాకు మనవరాలు పుట్టిందా! పేరేం పెట్టారే?"

నట్టాక్ అలవాటుగా నేల చూస్తూ, "ఉలయోక్" అన్నాడు.

అమ్మ గట్టిగా నవ్వింది. "నేనుండగా నా పేరెలా పెడతార్రా, మీ తెలివి తెల్లారినట్టే ఉంది!" తర్వాత చుట్టూ ఉన్న మొహాలు చూసింది. నవ్వు ఆగిపోయింది. "నేను చచ్చానా?"

రాళ్ళ మీద కూలబడ్డ పెద్దమ్మ తల ఊపింది.

"ఎవరు చెప్పారు నేను చచ్చానని?"

"నేనే అమ్మా" అన్నాను. వీపున పిల్ల తనను పిలిచాననుకుని కేరింతలు కొట్టింది. "సంచిలో నీ బూట్లు వచ్చాయి. నీ పంటి గాటు చూసి నేనే చెప్పాను."

అమ్మ ఏదో అనబోయింది. అంతలో జనాన్ని తోసుకుంటూ కపిక్ పెళ్ళాం ముందుకొచ్చింది. "వదినా, మా నివియా ఏది? తర్వాతి పడవలో ఉందా?"

అమ్మ ఆవిడ వంక చూసింది, నా వంక చూసింది. "సంచి మీకు రాలేదా?" అంది మెల్లగా. "ఆ బూట్లు నివియాకి నేనిచ్చాను. నా పక్క మంచమే. ఎప్పుడూ కాళ్ళు చల్లగా ఉన్నాయి అత్తా అనేది. పడుకున్నా విప్పేది కాదు. పోయిన ఏడు మంచు కరిగేటప్పుడు పోయింది, తల్లీ. నా చేతుల్లోనే పోయింది."

కపిక్ పెళ్ళాం నన్ను ఒక్క మాట అనలేదు. ఒక్క తిట్టు తిట్టినా నాకు కాస్త భారం దిగేది. తన బిడ్డ సంచి ముందు నిలబడి నాది కాదని సంబరపడ్డ తల్లి, నన్నే ఓదార్చి ఏడ్చిన తల్లి, నన్ను ఒకసారి చూసి, వెనక్కి తిరిగి తమ పడవ వైపు నడిచింది. ఏడాది పైగా ఆ పిల్ల పేరు ఎవరూ అందుకోకుండా గాలికి పోయింది. ఆ మధ్యలో వాళ్ళ గూడెంలో ముగ్గురు పుట్టారు. ముగ్గురికీ వేరే పేర్లు పెట్టేసుకున్నారు.

అమ్మ ఇంటికొచ్చింది కానీ ఇంట్లో ఇమడలేదు. ఆవిణ్ణి ఏమని పిలవాలో ఎవరికీ తెలియలేదు. ఉలయోక్ అంటే పిల్ల వైపు చూసేవాళ్ళు. నేను అమ్మా అంటే ఇద్దరూ తిరిగేవాళ్ళు, పిల్ల ముందు తిరిగేది. నట్టాక్ నోరు మళ్ళీ మూతపడింది. పెద్ద అత్తగారి ముందు చిన్న అత్తగారితో ఆడుకోవడం ఎలాగో వాడికి అర్థం కాలేదు. అమ్మకు కాలేయం ఇస్తూ ఒక ముసలాయన చెయ్యి మధ్యలో ఆపి పిల్ల నోట్లో పెట్టాడు. అమ్మ చూసి చూడనట్టు ఊరుకుంది. అన్నీ చూస్తూనే ఉంది.

మొదటి మంచు పడ్డాక పిల్లకు జ్వరం తగిలింది. తగ్గింది, మళ్ళీ వచ్చింది. మూడోసారి వచ్చేసరికి పాలు కూడా పట్టలేదు. పనిక్‌పాక్ పెద్దమ్మ వచ్చి నుదురు తడిమి చూసింది.

"పోయినదాని పేరని పిలిచాను, వచ్చింది" అంది. "ఆ పేరు పట్టుకునే ప్రాణం నిలబడింది. ఇప్పుడు పేరు అసలు మనిషి వైపు లాగుతోంది."

"అయితే పిల్లకి వేరే పేరు పెట్టు" అన్నాను.

"జ్వరంలో ఉన్నదాని మీంచి పేరు తీస్తే ఏం మిగులుద్దే? ఊపిరి తీసినట్టే. నాకు ధైర్యం లేదు."

అంటే రెండో దారి అమ్మ. అమ్మే ఆ పేరు వదిలేయాలి. పేరు వదిలేస్తే ఉలయోక్‌కి ఉన్నవన్నీ వదిలేయాలి, నన్ను కూడా. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది నాకు. తెల్లవాళ్ళ చర్చి ప్రీస్టు అయితే ఇవన్నీ మూఢనమ్మకాలనేవాడేమో. ఆయన పిల్ల కాదుగా జ్వరంతో కాలిపోతున్నది.

అమ్మ నా ఎదురుగా వచ్చి కూర్చుంది. "తక్తూ, నువ్వు చెప్పు. ఈ పేరు ఎవరుంచుకోమంటావు? నువ్వు ఎలా అంటే అలా."

నేను నోరు విప్పలేదు. ఒక్కసారి ఆ నోరు చేసిన పని చాలదా? కానీ నా కళ్ళు పిల్ల వైపు పోయాయి. నేను పంపలేదు, వాటంతట అవే పోయాయి. అమ్మ చూసింది.

"సరే" అంది.

సముద్రం గట్టిగా గడ్డకట్టాక కపిక్ కుక్కలబండి వేసుకుని వచ్చాడు. కబురు పంపింది అమ్మే. అతను లోపలికి వచ్చి కూర్చున్నాక అమ్మ టీ పోసి ఇచ్చి, తల వంచుకుని, చిన్నపిల్ల గొంతుతో, "నాన్నా, ఆలస్యమైంది, ఏమనుకోకు" అంది. కపిక్ అమ్మకన్నా రెండేళ్ళు చిన్నవాడు. అతను గ్లాసు కింద పెట్టాడు. "రా నివియా. మీ అమ్మ ఎదురుచూస్తోంది" అని, కోటు ముసుగు మొహం మీదికి లాక్కున్నాడు.

నేను బండికి అడ్డం పడ్డాను. "అమ్మా, నేనేం చెప్పలేదు! నేను ఒక్క మాట కూడా అనలేదు!"

"అమ్మ లోపలుంది" అంది ఆమె. "వెళ్ళి పాలివ్వు."

వారం తిరక్కుండా పిల్ల జ్వరం దిగింది. పనిక్‌పాక్ పెద్దమ్మ చూశావా అన్నట్టు తలూపింది. పిల్ల పాకింది, లేచి నిలబడింది. నట్టాక్ మళ్ళీ అత్తగారూ అనడం మొదలుపెట్టాడు, మునుపటి హుషారు లేకుండా. నేను ఆ పిల్లను అమ్మా అని పిలిచిన ప్రతిసారీ ఖాడీ అవతలి మనిషి గుర్తొచ్చేది. అయినా పిలిచాను. పిలవకపోతే ఇంత చేసిందీ దండగ.

వసంతంలో గూడేలన్నిటికీ కోరింత దగ్గు వచ్చింది. మా గూడెంలో నలుగురు పిల్లలు పోయారు. మూడోది మాది.

బిడ్డ మీద రాళ్ళు పేర్చి వచ్చాక నేను ఏడవలేదు. నాకు ఒక్కటే ఆలోచన పట్టుకుంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ చెబుతాను: పేరు ఖాళీ అయింది. అమ్మ పేరు అమ్మ తీసుకోవచ్చు, ఇంటికి రావచ్చు. నట్టాక్‌ను నిలబెట్టి బండికి కుక్కలు కట్టించాను. మంచు అప్పటికే నీళ్ళు పడుతోంది. దారంతా తడుస్తూ రెండు రోజులు వెళ్ళాం.

కపిక్ ఇంటి ముందు అమ్మ తోలు గీకుతూ కూర్చుని ఉంది. జుట్టు పెరిగింది, పెళ్ళికాని పిల్లలా రెండు జడలు వేసుకుంది. లోపలి నుంచి కపిక్ పెళ్ళాం, "నివియా, ఎవరే వచ్చింది? చలిలో నిలబెట్టకు, లోపలికి తీసుకురా" అంటోంది. ఆ గొంతులో అంత తేట నేను ఎప్పుడూ వినలేదు.

నేను మంచులో మోకాళ్ళ మీద కూలబడి, "పిల్ల పోయింది" అన్నాను. "నీ పేరు నీకొచ్చేసింది. ఇంటికి పోదాం రా."

ఆమె చేతిలోని కత్తి ఆగింది. రెండు చుక్కలు ఆ తోలు మీద పడ్డాయి, బొటనవేలితో తుడిచేసింది. ఇంటి గుమ్మం వైపు చూసింది. లోపల ఆవిడ ఏదో పాడుకుంటూ పొయ్యి సరిచేస్తోంది.

"ఆవిడకి ఇంకోసారి చెప్పమంటావా?" అంది నా ఒక్కదానికే వినపడేలా. "నీ కూతురు చచ్చిందని?"

నేనూ గుమ్మం వైపు చూశాను. అప్పుడు ఆమె చెయ్యి చాపి నన్ను లేపింది. లోపలికి వినపడేలా, మామూలు గొంతుతో అంది:

"తడిసిపోయావక్కా. లోపలికి రా, వేడిగా ఏమన్నా తాగుదువు."

నివియాకు నాకన్నా రెండేళ్ళు తక్కువ. వరస సరైనదే. నేను లోపలికి వెళ్ళాను. ఇచ్చినది తాగాను. కపిక్ పెళ్ళాం నా బిడ్డ కోసం ఏడ్చింది, ఈసారి కూడా నిజంగానే. బయలుదేరేటప్పుడు ఆమె బండి దాకా వచ్చి, "ఇంట్లో అందర్నీ అడిగానని చెప్పక్కా" అంది. నట్టాక్ నా పక్కనే ఉన్నాడు. మా ఇంట్లో ఇంకెవరూ లేరు.

తర్వాత నాకు ఐదుగురు పుట్టారు. ప్రతి కాన్పులో పనిక్‌పాక్ పెద్దమ్మ మా అమ్మ పేరు పిలిచింది. ఒక్కరూ ఆ పేరుకు రాలేదు. ఎలా వస్తారు, మనిషి ఖాడీ అవతల తోళ్ళు గీకుతూ బతికే ఉంటే?

పదకొండేళ్ళకు కబురొచ్చింది, కపిక్ కూతురు నివియా పోయిందని. వాళ్ళ గూడెంలో అదే నెలలో పుట్టిన పిల్లకు ఆ పేరు పెట్టుకున్నారు. ఉలయోక్ అన్న పేరు ఈ తీరంలో ఇప్పుడు ఎవరికీ లేదు.

చావు వచ్చిన ఇంటి ఆడవాళ్ళు ఐదు రోజులు సూది ముట్టుకోరు. ముట్టుకుంటే పోయినవాళ్ళకు నొప్పి. కపిక్ ఇంట్లో ఆ ఐదు రోజులూ పాటించారట. కబురు తెచ్చినవాడు మా ఇంట్లోనే దిగాడు, టీ తాగుతూ నా ఎదురుగా కూర్చున్నాడు. నేను సూది పక్కన పెడితే ఎందుకని అడుగుతాడు. పోయినామె నాకు ఏమవుతుందో చెప్పడానికి నాకు వరస లేదు. నట్టాక్ చేతి తొడుగు చిరిగి ఉంది. కబురు తెచ్చినవాడు చూస్తుండగా దాన్ని తీసుకుని కుట్టాను.